జానెడు ఊపిరి

నీకే చెబుతున్నాను, విను. రికార్డు పెట్టుకుంటావు. సూది కాస్త గరగరమంటే మొహం చిట్లిస్తావు. పాడే మనిషి దగ్గితే నవ్వుతావు, ఊపిరి పీల్చిన చప్పుడు వినబడితే పాట చెడిందంటావు. నీకు పాట కావాలి, పాడిన మనిషి అక్కర్లేదు. ఇదేమంత తప్పు అనుకుంటావు. దామోదర్ కూడా అలాగే అనుకున్నాడు.

దామోదర్ ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాడు. డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో ఇంజినీరు. కారులో కూర్చున్నవాడికి ఇంజను చప్పుడు, గాలి చప్పుడు వినబడకుండా చేయడం అతని పని. రోజూ ఏడింటికి ఇంట్లోంచి బయలుదేరేవాడు. మధ్యాహ్నం పన్నెండింటికి క్యాంటీన్‌లో లైన్‌లో నిలబడేవాడు. అతను మాంసం తినడు. అక్కడ ఉడికించి మెదిపిన బంగాళాదుంపల మీద కూడా గొడ్డుమాంసం పులుసు పోస్తారు. అందుకని వడ్డించే ఆవిడ పదేళ్ళుగా అతని కోసం ఒక గిన్నెడు దుంపలు విడిగా తీసిపెట్టేది. దానికి గరిటె కూడా వేరే.

"నీ గిన్నె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు హనీ. నిన్న ఒకడు ముట్టుకోబోతే చెయ్యి మీద ఒకటిచ్చాను," అనేది.

ఆవిడ పేరు వెర్నా టాకెట్. చిన్నప్పుడు కెంటకీ బొగ్గుగనుల ఊరినుంచి తల్లిదండ్రులతో డెట్రాయిట్ వచ్చింది. 1957లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, రాకబిల్లీ పాడింది. కొండ ఊళ్ళ పాటకి నల్లవాళ్ళ బ్లూస్ ఊపు కలిపితే వచ్చిన పాట అది. పది పాటలు రికార్డు చేశారు, రెండే బయటికి వచ్చాయి. ఎవరూ కొనలేదు. మిగతా ఎనిమిదీ టేపు మీదే ఉండిపోయాయి. వెర్నా తలకి నెట్ కట్టుకుని క్యాంటీన్‌లో చేరింది. ఇదంతా దామోదర్‌కి 1983 దాకా తెలియదు. పదేళ్ళు ఆవిడ చేతి అన్నం తిన్నాడు, ఒక్కనాడూ ఆవిడ సంగతి అడగలేదు.

ఆ ఏడు రాయల్ ఓక్‌లో పాత రికార్డుల దుకాణం నడిపే గ్లెన్ అనే పెద్దాయనకి, మూసేసిన ఒక స్టూడియో బేస్‌మెంట్‌లో ఆ టేపు దొరికింది. దాన్ని బాగుచేసి, పది పాటలూ కలిపి కొత్త రికార్డు వేద్దామనుకున్నాడు. మంచి చెవులున్న మనిషి కోసం వెతుకుతుంటే వెర్నాయే చెప్పింది. "మా కంపెనీలో ఒక ఇంజినీరున్నాడు. ట్రే కింద పెడితే ఏ మూల వంగిందో చప్పుడు విని చెబుతాడు."

గ్లెన్ టేపు చేతికిస్తూ ఒకే మాట చెప్పాడు. "ముందు కాపీ తీసుకో. కాపీ మీద ఎంతైనా కోసుకో. అసలు టేపు మీద మాత్రం కత్తి పెట్టకు. ఆవిడ బతికే ఉంది."

అసలు టేపు మీద కత్తి పెడితే పాడిన మనిషికి తగులుతుందని ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. దామోదర్‌కీ తెలుసు. తల ఊపాడు.

దామోదర్‌కి ఇంకో గొప్ప ఉండేది. అతను పద్యం పాడతాడు. ఏటా ఉగాదికి స్కూల్ ఆడిటోరియం అద్దెకి తీసుకుని తెలుగువాళ్ళందరూ కలిసినప్పుడు, పులిహోర కన్నా ముందు దామోదర్ పద్యం ఉండాల్సిందే. నాలుగో పాదం చివర రాగం ఎత్తుకుంటే ఒకే ఊపిరిలో పైకి వెళ్ళి, అక్కడ తిరిగి, కిందికి దిగేవాడు. ఎక్కడ ఊపిరి పీల్చాడో ఎవరూ కనిపెట్టలేకపోయేవారు.

"దామోదర్ గారూ, లాల్చీ కింద ఆక్సిజన్ సిలిండర్ ఏమైనా పెట్టారా? ఏదీ, చూపించండి," అని కార్యక్రమాలు నడిపించే భాస్కర్ మైకులోనే ఏడిపించేవాడు. హాలంతా వన్స్ మోర్ అని అరిచేది.

ఊపిరి వినబడటం పాడేవాడి చేతకానితనం అని దామోదర్ అందుకే నమ్మేవాడు. వెర్నా టేపు పెట్టిన మొదటి ఆదివారం మధ్యాహ్నం అతనికి అదే వినబడింది. ఆవిడ పాటల్లో వాద్యాలన్నీ ఉన్నట్టుండి ఒక క్షణం ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలో వెర్నా గట్టిగా ఊపిరి పీల్చి పాట అందుకుంటుంది. పది పాటల్లో అలాంటి చోట్లు పంతొమ్మిది. కాపీ తీస్తే టేపు రొద పెరుగుతుంది. రొద తగ్గించడమే వృత్తిగా ఉన్నవాడు పెరిగే పని చేస్తాడా? అసలు టేపునే బల్ల మీద పరిచాడు. అర క్షణం ఊపిరి టేపు మీద జానెడు పొడవుంటుంది. ఆ పూట మూడు చోట్ల బ్లేడుతో ఆ జానెడూ కోసి కార్పెట్ మీద పడేశాడు. ఆ జాగాల్లో అంతే ఖాళీ టేపు అతికించాడు. మళ్ళీ విన్నాడు. శుభ్రంగా ఉంది.

జానెడు ఊపిరి లేకపోతే మనిషికి ఏమవుతుందిలే అనుకున్నాడు.

సోమవారం నాడు వెర్నా దుంపల గిన్నె అందిస్తూ మధ్యలో ఆగి, కౌంటర్ పట్టుకుని, మళ్ళీ అందించింది. దామోదర్ చూశాడు. తర్వాతి ఆదివారం ఇంకో నాలుగు కోశాడు.

మొదటి రెండు వారాలూ అతని భార్య విజయశ్రీ కార్పెట్ మీద గోధుమరంగు రిబ్బను ముక్కలు చూసి, చెత్త అనుకుని వాక్యూమ్ చేసేసింది. మంగళవారం చెత్త బండి వచ్చి తీసుకుపోయింది. మూడో వారం ఒక ముక్క చేత్తో తీసింది. అది వేళ్ళ మధ్య వెచ్చగా ఉంది, మెల్లగా కదులుతోంది. అప్పటినుంచి దొరికిన ప్రతి ముక్కనీ కడిగి ఆరబెట్టిన హార్లిక్స్ సీసాలో వేసి మూత పెట్టింది. మూత తీసినప్పుడల్లా ఎవరో ఊపిరి పీల్చినట్టు వినబడేది.

"ఏమండీ, ఇది ఆవిడ ఊపిరి. ఇలా కోయొచ్చా?"

"నీకు తెలియదు. పాట ఎంత శుభ్రంగా వస్తోందో విను."

"పాట సంగతి కాదు నేనడిగేది. ఆవిడ మీకు పదేళ్ళు అన్నం పెట్టింది."

"అట్ట మీద నా పేరు వేస్తున్నారు విజయా. శబ్ద శుద్ధి, దామోదర్ అని. ఈ దేశంలో రికార్డు మీద మనవాడి పేరు ఎక్కడైనా చూశావా?"

ఆవిడ సీసా తీసుకెళ్ళి దేవుడి అలమరలో పెట్టింది.

పంతొమ్మిదీ అయిపోయేసరికి వెర్నా రెండు అడుగులకొకసారి ఆగుతోంది. డాక్టర్ ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, "ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. ఎవరో మీ టేపు మీద కత్తి పెట్టారు. వాళ్ళని అడగండి, దీనికి నా దగ్గర మందు లేదు," అన్నాడు.

ఆవిడ అడిగింది. పన్నెండింటికి, లైన్‌లో, దుంపల గిన్నె చేతిలో పట్టుకుని.

"హనీ, ఒక్క మాట. నువ్వు... అసలు టేపు... కోశావా?"

నిజం చెప్పడానికి అతనికి అదే సమయం. అప్పుడు చెప్పి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు.

"లేదు వెర్నా. గరగర చప్పుళ్ళు తీశాను, అంతే. అదీ కాపీ మీదే."

"అంతేలే. నువ్వు అలాంటివాడివి కాదు. గ్లెన్‌తో కూడా అదే చెప్పాను," అని, ఆగి ఆగి, ఆవిడ గిన్నె అతని ట్రేలో పెట్టింది. అతను తిన్నాడు.

1984 వేసవిలో రికార్డు బయటికి వచ్చింది. ఇరవై ఏడేళ్ళుగా ఎవరికీ పట్టని గొంతు పేపర్లకెక్కింది. ఇంత మంచి గాయని ఇన్నాళ్ళూ ఎక్కడ దాగింది అని రాశారు. శబ్దం అద్దంలా ఉందని కూడా రాశారు. దామోదర్ ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాడు. కాలేజీ పిల్లలు వెర్నా పాట ఎదురుగా వినాలన్నారు. గ్లెన్ హాలు మాట్లాడాడు. కానీ వెర్నా అప్పటికి ఆసుపత్రి మంచం మీద ఉంది. ముక్కుకి గొట్టం పెట్టారు. ఎంత గాలి పెట్టినా ఆమె లోపల నిలవడం లేదు. ఇంకో వారం గడవడం కష్టమని డాక్టర్ గ్లెన్‌కి చెప్పాడు.

ఆ శనివారం పొద్దున విజయశ్రీ కారు తాళాలు తీసి భర్త చేతిలో పెట్టింది. "పదండి, ఆవిడని చూసొద్దాం," అంది. హార్లిక్స్ సీసా పర్సులో పెట్టుకుంది.

ఆసుపత్రి గదిలో గ్లెన్ చిన్న రికార్డ్ ప్లేయర్ తెచ్చి పెట్టాడు. తన రికార్డు వెర్నా అంతవరకూ వినలేదు. మొదటి పాట మొదలైంది. గిటారు ఆగింది. వెర్నా దిండు మీద నుంచి తల ఎత్తి ఎదురుచూసింది. ఏమీ వినబడలేదు. ఏమీ లేని చోటునుంచి రికార్డులో గొంతు పాట అందుకుంది. ఆవిడ చెయ్యెత్తి గ్లెన్‌ని ఆపమంది.

"అక్కడ నేను ఊపిరి పీల్చాను." ఒక్కొక్క మాటకీ ఆగి చెప్పింది. "ఆ రోజు నాకు ఏడో నెల. స్టూడియోవాడు మైకు దూరం జరిపి, మెల్లగా పీల్చమ్మా అన్నాడు. మెల్లగా ఎలా పీల్చేది... ఇద్దరికి సరిపడా పీల్చాలి. ఆ బిడ్డ దక్కలేదు హనీ. దాని ఊపిరి... ఆ టేపు మీదే ఉంది."

ఆవిడ దామోదర్ వైపే చూస్తోంది. తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

గ్లెన్ లేచి నిలబడ్డాడు. "కోశావా?"

"కోశాను."

"అసలుదా?"

"అసలుదే. కాపీ మీద అని అబద్ధం చెప్పాను."

విజయశ్రీ సీసా తీసి మంచం పక్కన పెట్టింది. "ఇందులో పన్నెండున్నాయి. ఏడు నేను చెత్తలో పోశాను వెర్నా గారూ. తెలియక చేశాను, క్షమించండి."

దామోదర్ సీసా తీసుకుని ఇంటికి వచ్చాడు. బేస్‌మెంట్‌లో కూర్చుని, ఇంకా తన దగ్గరే ఉన్న అసలు టేపులో పన్నెండు ముక్కలూ వాటి వాటి చోట్లలో అతికించాడు. మిగిలిన ఏడు చోట్లా టేపు ఖాళీగా ఉంది. తర్వాత మైకు ముందు కూర్చుని మెషీన్ ఆన్ చేసి, రాగం ఎత్తుకునే ముందు పీల్చినట్టు గుండెనిండా ఊపిరి పీల్చాడు. ఏడుసార్లు. ఏడింటినీ కోసి వెర్నా పాటలో పెట్టాడు. బ్లేడు పడినప్పుడల్లా ఛాతీలో ఏదో తెగినట్టయింది. విజయశ్రీ మెట్ల మీద కూర్చుని చూసింది. ఆపమని అనలేదు.

సోమవారానికి వెర్నా ముక్కులో గొట్టం తీసేశారు. నెల తిరిగేసరికి నడిచింది. గ్లెన్ ఆ టేపుతో రికార్డు మళ్ళీ అచ్చువేశాడు. ఈసారి అట్ట మీద దామోదర్ పేరు లేదు. ఏడు చోట్ల ఆడ గొంతుకి ముందు మగ ఊపిరి వినబడుతుంది. విన్నవాళ్ళెవరూ తప్పుపట్టలేదు. వెర్నా క్యాంటీన్ మానేసి పాడటం మొదలుపెట్టింది. కొత్తగా వడ్డించే అమ్మాయికి వెళ్ళేముందు ఆ వేరే గరిటె చూపించి వెళ్ళింది.

మరుసటి ఏడు ఉగాదికి దామోదర్ లాల్చీ వేసుకుని వేదిక ఎక్కాడు. "ఈసారి మూడు వన్స్ మోర్లు! ఎవరూ లేవకండి, పులిహోర ఎక్కడికీ పోదు," అని భాస్కర్ మైకు అందించాడు. మూడు పాదాలు బాగానే నడిచాయి. నాలుగో పాదం చివర రాగం ఎత్తుకున్నాడు. గొంతు సగం పైకి వెళ్ళి ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, లోపల గాలి లేదు.

భాస్కర్ వాచీ చూసుకున్నాడు. "వెర్నా గారి ప్రోగ్రాం ఇవాళేనా అమ్మా?" అని ముందు వరసలో ఉన్న విజయశ్రీని మెల్లగా అడిగాడు. ఆవిడ తల ఊపింది.

అందరూ ఆగారు. దామోదర్‌కి ఊపిరి తిరిగొచ్చింది. మళ్ళీ ఎత్తుకున్నాడు. ఇంకాస్త పైన మళ్ళీ పోయింది. అక్కడ, ముప్ఫై మైళ్ళ అవతల, వెర్నా అతని ఊపిరి పీల్చి రెండో పాట మొదలుపెట్టింది. దామోదర్ మైకు భాస్కర్ చేతికిచ్చి, సభకి నమస్కారం పెట్టి, దిగి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు.

తర్వాత అతను పద్యం పాడలేదు. వెర్నా మాత్రం వారానికి రెండు చోట్ల పాడింది. భోజనం దగ్గర మాట్లాడుతూ మాట్లాడుతూ దామోదర్ మాట మధ్యలో ఆగిపోతాడు. ముద్ద చేతిలోనే ఉంటుంది. విజయశ్రీ గరిటె పట్టుకుని నిలబడి, ఆ పాట అయ్యేదాకా ఆగుతుంది. ఊపిరి తిరిగొచ్చాక మిగతా మాట చెబుతాడు. చాలాసార్లు, చెప్పవలసినదేమిటో అప్పటికి మర్చిపోయి ఉంటాడు.