తల ఊపితే నీ వంతు

మా జాజ్ ఉత్సవం పేరులోంచి ఈ ఏడు జాజ్ అన్న మాట ఎగిరిపోయింది. ఇప్పుడది ఉత్త సంగీతోత్సవం. పేరు మార్చింది పరాయివాళ్లు కాదు, మా అన్నయ్య కూతురే. మొదలుపెట్టింది అన్నయ్య, ఇప్పుడు నడుపుతున్నది ఆవిడగారు. ఇంటి పిల్ల కాబట్టి గట్టిగా తిట్టలేకపోయాను; మెల్లగానే తిట్టాను.

"సగం కుర్చీలు ఖాళీగా ఉంటున్నాయి బాబాయ్. ఉత్సవమే లేకుండా పోతే ఆ పేరు పెట్టుకుని ఏం చేసుకుంటాం?" అంది.

నిజం నిష్ఠూరమంటారు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

అన్నయ్య మాత్రం, "నాకొక్క పాట ఉంచమ్మా, చాలు," అన్నాడు. ఊపిరితిత్తులు మొరాయిస్తున్నాయి, ట్రంపెట్ ఊదడం ఇక మానెయ్యమని డాక్టరు చెప్పేశాడు. "ఆఖరుసారి ఎవరికో ఒకరికి అందించి దిగిపోతానురా," అన్నాడు నాతో.

అందించడమంటే మా వేదిక మీద ఒక పద్ధతి. ఎవరు ఎంతసేపు వాయించాలో ముందుగా అనుకోం. ఒకడు తన మనసులో ఉన్నదంతా వాయించి, పక్కవాడి వైపు తల ఊపుతాడు. వాడు అక్కణ్ణుంచి అందుకుని తన దారిన తీసుకుపోతాడు. నేను బేస్ గిటార్ వాయించే రోజుల్లో అన్నయ్య తల ఊపు కోసం కళ్లు కాయలు కాసేలా చూసేవాణ్ణి. తీరా ఊపాక, ఏం వాయించాలో వెతుక్కుంటూనే అందుకునేవాణ్ణి. ఇప్పుడు వేళ్లు వంగవు, అందుకే ఈసారి జనంలో కూర్చున్నాను.

ఆ సాయంత్రం అన్నయ్య పక్కన ఉన్నవాళ్లంతా కొత్తవాళ్లు. మంచివాళ్లే. పాట నిడివీ తాళమూ కంప్యూటర్లో బిగించి ఉన్నాయి, అందరి చెవుల్లో ఆ తాళం వినిపించే ఇయర్‌ఫోన్లు. అన్నయ్య ఊదాడు. మధ్యమధ్య ఊపిరి తెగింది, అయినా బాగుంది, నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి ట్రంపెట్ దించి గిటారిస్టు వైపు తల ఊపాడు. అతను పెద్దాయన మెచ్చుకున్నాడనుకున్నాడు. మర్యాదగా తనూ తల ఊపి, నవ్వి, తన పని తాను చేసుకుపోయాడు.

అన్నయ్య కీబోర్డు వాయించే అమ్మాయి వైపు తిరిగి ఊపాడు. ఆ అమ్మాయీ నవ్వింది. నేను లేచి నిలబడ్డాను. నిలబడి చేసేదేముంది?

పాట అనుకున్న సమయానికి ముగిసింది. చప్పట్లు హోరెత్తాయి.

తెర వెనక కుర్చీలో కూర్చుని అన్నయ్య ఏడుస్తున్నాడు. కూతురు ఎదురుగా నేల మీద మోకాళ్లూని ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఊరుకో నాన్నా. నువ్వు మధ్యలో ఆపినట్టు ఎవరికీ తెలీలేదు. పాట ఆగలేదుగా."

"ఆగలేదమ్మా," అన్నాడు అన్నయ్య. "ఎవరూ అందుకోకపోయినా ఆగలేదు."