నడుం అతుకు

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. వెల్డింగులో ఆయన వేసిన అతుకు దర్జీ కుట్టంత తీరుగా ఉంటుందని కుర్రతనంలోనే కుట్టుమాస్టారన్నారు, అదే స్థిరపడిపోయింది. నలభై ఏళ్ల కిందట అణువిద్యుత్ కేంద్రంలో రియాక్టరుకి జానెడు మందం గోడలున్న ఉక్కుపాత్ర తయారవుతున్నప్పుడు, దాని నడుం చుట్టూ అతుకు వేసింది ఆయనే. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెప్పేవాడు, అడగనివాళ్లకీ చెప్పేవాడు.

కూతురు యూనివర్సిటీలో టెక్నీషియన్. అక్కడ ఓ చిన్న రియాక్టరుంది. దాంతో ఒక్క బల్బు కూడా వెలగదు. కరెంటు తీసే పెద్ద కేంద్రాలు పంపిన ఉక్కు ముక్కల్ని నెలల తరబడి అందులో ఉంచుతారు. పెద్ద రియాక్టరు గోడకి ముప్ఫై ఏళ్లలో తగిలే న్యూట్రాన్ల దెబ్బ ఇక్కడ ఏడాదిలోపే తగులుతుంది. ఆ తరవాత ఆమె మందపాటి గాజుకి ఇవతల నిలబడి, యంత్రపు చేతులతో ఒక్కో ముక్కనీ తీసి ఊగే సుత్తికి ఎదురుగా పెట్టి విరగ్గొడుతుంది. సాగి, మొరాయించి విరిగితే ఆ ఉక్కులో ఇంకా చేవ ఉన్నట్టు.

"నేను అతికించడం, నువ్వు విరగ్గొట్టడం. ఇక ఈ కొంప బాగుపడ్డట్టే!" అని భోజనాల దగ్గర నవ్వేవాడు తండ్రి. తల్లి పోయాక ఆ ఇంట్లో మిగిలిన వేళాకోళం అదొక్కటే.

ఒక సోమవారం విరగ్గొట్టాల్సిన ముక్కల మీద అంకెలు తప్ప పేర్లు లేవు. మొదటి ఆరూ బాగానే మొండికేశాయి. ఏడోది పుటుక్కున విరిగింది. సుత్తి ఏమీ తగలనట్టే అవతలికి ఊగిపోయింది. విరిగిన చోటు పంచదార పలుకుల్లా మెరిసింది. ఎనిమిదోదీ అంతే, తొమ్మిదోదీ అంతే.

ల్యాబు చూసే ప్రొఫెసరు ఫైలు తిరగేసి ఆమెను పక్కకి పిలిచాడు.

"మొదటి ఆరూ గోడవి, ఇవి నడుం అతుకు ముక్కలమ్మా. పాత్ర చేసిన రోజుల్లోనే, అదే తీగతో, అదే చేత్తో వేయించి దాచినవి. మీ నాన్నగారివని నీకు చెప్పలేదు. మిగిలినవి ఇంకొకరితో విరిపించనా?"

"వద్దు సార్. నేనే చేస్తాను."

మిగిలిన మూడూ ఆమే విరిచింది. వారం తరవాత కారణం తేలింది. ఆ వెల్డింగు తీగకి తుప్పు పట్టకుండా రాగి పూత వేశారు. ఆ రాగి అతుకులో కరిగి కలిసిపోయింది. రాగి ఉన్న ఉక్కుని న్యూట్రాన్లు తొందరగా పెళుసు చేస్తాయి. ఆ రోజుల్లో అది ఎవరికీ తెలియదు.

రిపోర్టు మీద సంతకం చేసిన సాయంత్రమే ఆమె తండ్రికి చెప్పింది.

"అప్పట్లో అతుక్కి తీసిన ఎక్స్‌రేలో వెంట్రుకంత గీత కూడా లేదే!" అన్నాడాయన.

"ఇప్పటికీ లేదు నాన్నా. నీ చేతిలో తప్పేం లేదు. తీగలో ఉంది."

"ఆ తీగ పట్టుకున్నది నా చెయ్యే కదే." ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, పరాయివాళ్లదాన్ని చూసినట్టు చూశాడు. "తళతళలాడేది. ఎంత మంచి సరుకో అని మురిసిపోయాం."

కేంద్రాన్ని ఇంకో పదేళ్లు నడపాలనుకున్నారు. ఆ రిపోర్టు చూశాక అనుమతి రాలేదు. ఏడాది తిరక్కుండా మూసేశారు. ఆ కేంద్రంలో పనిచేసిన పక్కింటి ఆపరేటరు సామాను లారీకెక్కించి, వీళ్ల గుమ్మం వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. టీకొట్టు దగ్గర ఎవరో "ఏం మాస్టారూ, కుట్టూడిందటగా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వబోయాడు గానీ చేతకాలేదు. ఆ మర్నాటినుంచి బయటికి వెళ్లడం మానేశాడు.

మూడు నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఆ పాత్ర అయ్యాక తీగ చుట్టలు నాలుగు మిగిలాయమ్మా. వాటితో ఇంకో పాత్రకి అతుకు వేశాను. సముద్రం పక్కన కేంద్రానిది. అదింకా నడుస్తోంది."

ఆమె చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "ఆ కేంద్రం వాళ్లు మాకు పంపిన కాగితాల్లో వేరే తీగ అనుంది కదా నాన్నా?"

"కాగితాల్లో ఉంటుంది. కొత్త సరుకు రావడం ఆలస్యమైంది, ఫోర్‌మన్ ఇదే వాడెయ్యమన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను."

"ఇది రాసిస్తే దాన్నీ ఆపేస్తారేమో. మళ్లీ నీ పేరే..."

"అది పగిలితేనో?" అన్నాడాయన, గొంతు పెంచకుండా. "కాగితం తీసుకురా. నా రాత ఎవరికీ అర్థం కాదు, నువ్వు రాయి."

చుట్టల లెక్క, నెల, ఫోర్‌మన్ పేరు అన్నీ ఆయన చెబుతుంటే ఆమె రాసింది. మధ్యలో రెండుసార్లు ఆగి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అంతా అయ్యాక చదివించుకుని సంతకం చేశాడు.

"ఆ రెండో పాత్ర ముక్కలూ నీ దగ్గరికే వస్తాయా?"

"వస్తాయి నాన్నా. రియాక్టరులో ఏడాది పడుతుంది."

"ఏడాదా..." అని లేచి వెళ్లి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. ఆమె కాగితం కవరులో పెట్టి, అంటించి, పొద్దున్నే ప్రొఫెసరుకి ఇవ్వడానికి సంచిలో వేసుకుంది.