కుడి చెవిలో మోగింది

కంటికి రెప్పలిచ్చిన దేవుడు చెవికి ఎందుకివ్వలేదన్నది చాలా ఏళ్లుగా నాకున్న సందేహం. తలనొప్పి మనుషులకే ఇలాంటివి తోస్తాయేమో. సాయంత్రమయ్యేసరికి నుదుటి చుట్టూ తాడు వేసి బిగించినట్టుండేది. మెడ కర్రలా అయ్యేది. అప్పుడు గిన్నెకి గరిటె తగిలినా తలలో మేకు దిగినట్టుండేది. "చెవులు మూసుకునే వీలిస్తే నీ సొమ్మేం పోయేది ప్రభువా" అని ప్రార్థనలోనే గొణిగేదాన్ని.

పంతొమ్మిది వందల అరవై రెండులో నా కుడి చెవి నిజంగానే మూసుకుపోసాగింది. అడిగినదే ఇచ్చాడేమోనని హడలిపోయాను. గుడ్లవల్లేరులో మా చర్చిలో ఆడవాళ్ల వైపు పాట ఎత్తేది నేనే. దేవుడి పనిలో నాకు చేతనైంది అదొక్కటే. శ్రుతి తప్పుతున్నానని సంఘపెద్ద రత్నరాజు గారు కనిపెట్టి, "కొన్నాళ్లు వేరేవాళ్లు ఎత్తుతారులే, ప్రభావతమ్మా" అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను.

"నొప్పి చెవిని తినేస్తోందే. వెల్లుల్లి నూనె ఇంకాస్త వేడిగా పొయ్యాలి" అన్నారు మా అత్తగారు మార్తమ్మ. తలనొప్పి గాలి వల్ల వస్తుందనీ, ఆ గాలి చెవిలోంచి దూరుతుందనీ ఆవిడ నమ్మకం. నూనె పోసి దూది కూరేవారు.

"నువ్వు పోసిన నూనెలో ఈపాటికి ఇంటిల్లిపాదికీ గారెలు వేగేవమ్మా" అని మా ఆయన యేసుదాసు గారు నన్ను వెంటబెట్టుకుని బందరు రైలెక్కారు.

చెవుల డాక్టరు గోవర్ధనరావు గారు రెండు కొమ్ముల ఉక్కు కడ్డీని మోకాలికి తాటించి ఎడమ చెవి దగ్గర పెట్టారు. తుమ్మెదలా మోగింది. కుడి చెవి దగ్గర దాదాపు ఏమీ లేదు.

మళ్లీ తాటించి, ఈసారి దాని కాడను నా నుదుటి మధ్య ఆనించారు.

"ఎటు వినిపిస్తోందమ్మా?"

కుడి చెవిలో మోగుతోంది! పోయిందని ఏడ్చిన ఆ చెవిలోనే, ఎడమ దానికంటే గట్టిగా.

"కుడి వైపండీ. అది పోయింది కదండీ?"

"పోతే ఎలా మోగుతుంది? లోపలి చెవి బాగానే ఉంది. బయట ఏదో అడ్డుంది. అలా అడ్డుంటే ఎముక మోసుకొచ్చిన శబ్దం అటే గట్టిగా వినబడుతుంది."

నొప్పి కూర్చునే ఆ నుదుటి ఎముకలోనే శబ్దం నడిచే దారి! నేను పుట్టిన దగ్గర్నుంచీ అది నాలోనే ఉంది, నాకు తెలియనే తెలియదు.

డాక్టరు గారు సన్నటి పట్టకారుతో నల్లటి ముద్ద బయటికి లాగారు. పాత దూది. నూనెలో నాని, గులిమితో గట్టిపడి ఉంది.

"మరి తలనొప్పి వల్ల చెవుడు రాదాండీ?" అన్నాను.

"మీకు అడ్డం పడింది దూది. నొప్పి మెడ, నుదుటి కండరాలు బిగుసుకోవడం వల్ల కావచ్చు. దానివల్ల వినికిడి ఏమైనా మారుతుందా అంటే, నాకు తెలియదమ్మా. శబ్దం భరించలేమని మాత్రం చాలామంది చెబుతారు."

అంత చదివినాయన తెలియదనడం నాకు ఎంతో నచ్చింది. బయటికొస్తే జట్కా గుర్రం మెడ గంటలు, సోడా కొట్టిన చప్పుడు, ఎవరో పిల్లని పిలవడం అన్నీ రెండు వైపులా వినిపించాయి. రోడ్డు మీదే నిలబడిపోయాను. మా ఆయన రెక్క పట్టుకుని లాక్కెళ్లారు.

సంగతంతా విని అత్తగారు అరుగు మీద కూలబడ్డారు. "నేనే నీ చెవి మూశానా తల్లీ?"

మా ఇళ్లలో నొప్పికి ఒకరి చేత తల నొక్కి పట్టించుకుంటే తిరిగి వాళ్ల తల పట్టాలి, లేకపోతే బాకీ అంటారు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నా తల పట్టింది ఆవిడే. నేను పడతానంటే "నాదేం తల, కొబ్బరికాయ" అని తప్పించుకునేవారు. ఆ రోజు ఊరుకోలేదు. ఆవిడని కింది మెట్టు మీద కూర్చోబెట్టి, నేను పై మెట్టు మీద కూర్చున్నాను.

"నూనె పొయ్యవు కదా?"

"పొయ్యను. కదలకండి అత్తయ్యా."

కణతలు నొక్కితే ఆవిడ మెడ నరాలు నావాటిలాగే తాళ్లలా బిగిసి ఉన్నాయి.

"ఎప్పట్నుంచండీ ఈ నొప్పి?"

"ఏమోనే. నువ్వు రాకముందు నుంచీ. చెవి తెరుచుకుంది కదా, ఆదివారం పాడబోయే పాట ఇప్పుడు ఎత్తు, శ్రుతి చూస్తాను."

నెమ్మదిగా ఎత్తాను. శ్రుతి తప్పలేదు. రెండో చరణానికి ఆవిడ మెడ వదులై, తల నా మోకాలి మీదికి వాలింది. పాట అయిపోయినా చేతులు తియ్యలేదు.