ఏడో నంబరు కెమెరా

చేతుల ఫోటోలంటే నాకు రోత. ముడతలు పడ్డ చేతులు, మట్టంటిన చేతులు, నురగలో మునిగిన చేతులు. పదకొండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఏ ప్రదర్శనకి వెళ్ళినా గోడమీద కనీసం నాలుగు జతలు వేలాడుతుంటాయి. మొహం చూపిస్తే మనిషి కనపడుతుంది. మనిషి కనపడితే ఏం కావాలమ్మా అని అడగాల్సొస్తుంది. చేతులైతే ఆ తలనొప్పి లేదు. చూసి, ఓ నిట్టూర్పు విడిచి, బిస్కెట్ల వైపు నడవొచ్చు.

ఇంత రోత ఉన్న నేనే కిందటేడు మా ప్రదర్శన పోస్టరుకి ఒక జత చేతుల్ని ఎంచాను. దాని కింద "నా చేతులే నా కథ" అని రాసింది కూడా నేనే. అప్పుడే ఎవరైనా నా చెంప ఛెళ్ళుమనిపించి ఉంటే బాగుండేది.

మాది చాలా చిన్న సంస్థ. నేను, మా తమ్ముడు, ఒక అద్దె గది, పన్నెండు చిన్న కెమెరాలు. రెక్కల కష్టం మీద బతికేవాళ్ళకి కెమెరాలిచ్చి, రెండు నెలలు నేర్పి, వాళ్ళ బతుకుని వాళ్ళచేతే ఫోటోలు తీయిస్తాం. వాటితో క్యాలెండర్లు వేస్తాం, ప్రదర్శనలు పెడతాం. తమ్ముడు ఫోటోగ్రాఫరు, నేర్పేది వాడు. ఒప్పించేదీ, ఉత్తరాలు రాసేదీ, నలుగురి కాళ్ళూ వేళ్ళూ పట్టుకునేదీ నేను. మా గది గోడమీద కుంచెతో నేనే రాసిన మూడు మాటలుంటాయి. మీరే తీయాలి. మీరే ఎంచాలి. మీరే చెప్పాలి. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ గోడ చూపించి గొప్పలు పోవడం నాకు అలవాటు.

కిందటేడు ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళకి కెమెరాలిచ్చాం. లాండ్రీ నేలమాళిగలో ఉంది. మొదటిరోజు లోపల అడుగుపెట్టగానే ఆవిరికి నా కళ్ళద్దాలు మసకబారాయి, బ్లీచింగు ఘాటుకి గొంతు మండింది. పై అంతస్తుల నుంచి మాసిన దుప్పట్ల మూటలు గొట్టం గుండా ధబ్బుమని వచ్చి పడుతుంటాయి. వాళ్ళు ఒక్కో మూటా విప్పి, రక్తం మరకలవి ఒక పక్కకి, మిగతావి ఒక పక్కకి వేరుచేసి యంత్రాల్లోకి తోస్తారు. ఆ మధ్యాహ్నం నాకు ముద్ద దిగలేదు. వాళ్ళు మాత్రం అక్కడే టిఫిన్ డబ్బాలు విప్పుకుని, కబుర్లాడుకుంటూ తిన్నారు.

వాళ్ళలో పెద్దావిడని అందరూ దుప్పట్ల పెద్దమ్మ అంటారు. యాభై ఐదేళ్ళుంటాయి. ఇరవై రెండేళ్ళుగా అక్కడ దుప్పట్లు మడతపెడుతోంది. కోడలు కూడా పక్క యంత్రం దగ్గరే పని. ఆ పిల్లకి అప్పుడు ఐదో నెల. పెద్దమ్మకి మేమిచ్చింది ఏడో నంబరు కెమెరా.

వారానికోసారి అందరి ఫోటోలూ చిన్న సైజులో అచ్చు వేసి బల్లమీద పరిచి కూర్చుంటాం. పెద్దమ్మ వంతు వచ్చేసరికి తమ్ముడు తల పట్టుకునేవాడు. అన్నీ ఒకటే తలుపు. పాత చెక్క తలుపు, దానికో తాళం, పైన గోడకి గడియారం. ఆ గడియారం కూడా పై అంచు తెగి పడేది.

"పెద్దమ్మా, ఇదీ తలుపేనా?" అన్నాడు మూడో వారం.

"తలుపే బాబూ."

"మొన్నా తలుపే, ఇవాళా తలుపే. ఏంటి, ఆ తలుపుకేమన్నా సంబంధాలు చూస్తున్నావా?"

అందరూ ఘొల్లుమన్నారు. పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వడం అయ్యాక చెప్పింది.

"అది మా బాత్రూమ్ తలుపు బాబూ. తాళం చెవి సూపర్‌వైజర్ నడుముకి ఉంటది. పదకొండింటికోసారి తీస్తాడు, నాలుగింటికోసారి తీస్తాడు. మేం పని ఎగ్గొట్టి లోపల కూర్చుంటన్నామంట."

"మధ్యలో వస్తే?" అన్నాను నేను.

"రాకుండా చూసుకుంటాం. పొద్దున ఏడింటికొచ్చిన కాడ్నించి నీళ్ళు ముట్టం. నాకంటే అలవాటైపోయింది మేడమ్. కోడలు రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. ఒంట్లో నీళ్ళు లేవు, లోపల బిడ్డకి మంచిది కాదని పై అంతస్తు డాక్టరమ్మే చెప్పింది. నీళ్ళు తాగమంది. తాగితే ఎక్కడికి పోవాలో చెప్పలే."

తమ్ముడు ఆ ఫోటోనే మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. వాడు మంచివాడే, కాకపోతే ఫోటో చూస్తే చాలు ఫోటోలో ఉన్నది మర్చిపోతాడు.

"సరే పెద్దమ్మా, తలుపే తీయి. కానీ పైన ఆ తెగిన గడియారం ఎందుకు? కెమెరా కాస్త దించావనుకో, తలుపు చక్కగా మధ్యకొస్తుంది."

"గడియారం ఉండాలి బాబూ."

"బొమ్మ చెడిపోతోంది."

"చెడిపోనీ," అంది పుల్ల విరిచినట్టు.

గడియారం ఎందుకుండాలో మా ఇద్దరిలో ఒక్కరమూ అడగలేదు. అందరికీ చూడటం నేర్పేవాళ్ళం కదా, మాకు ఇంకొకరు చూపించేదేముంది!

చివరి వారం ఎవరి ఫోటో వాళ్ళు ఎంచుకున్నారు. పెద్దమ్మ తలుపు ఫోటో ఒకటి నా చేతిలో పెట్టింది. "ఇది పెట్టండి మేడమ్. ప్రదర్శనకి ఆసుపత్రి పెద్ద డాక్టరు వస్తారంటగా. ఆయన కిందికి రాడు, మా మాట పైకి పోదు. ఒక్కసారి ఆయన కంట పడితే చాలు."

"చూద్దాం పెద్దమ్మా," అన్నాను. చేయనని చెప్పే ధైర్యం లేనివాళ్ళు వాడే మాట అది.

వాళ్ళు వెళ్ళిపోయాక తమ్ముడు తలుపు వేసి మొదలుపెట్టాడు. "అక్కా, ప్రదర్శన పెట్టే హాలు ఆసుపత్రి వాళ్ళది. వచ్చేది వాళ్ళ పెద్ద డాక్టరు. వచ్చే ఏడాది క్యాలెండరు కూడా వాళ్ళే వేయిస్తామన్నారు. వాళ్ళింటికెళ్ళి వాళ్ళ బాత్రూమ్ తాళమే వాళ్ళకి చూపిస్తామా?"

నేను నీళ్ళు నమిలాను. నాకా సౌకర్యం ఉంది.

"ఇది చూడు," అని కంప్యూటరు నావైపు తిప్పాడు. "ఏడో నంబరు కెమెరా కార్డులోదే."

ఆవిరి. పక్కనుంచి పడుతున్న వెలుగు. తెల్లటి దుప్పటి మీద రెండు ముసలి చేతులు. బాగుంది. రోత పుట్టేటంత బాగుంది. పెద్దమ్మకి ఇంత పని ఎప్పుడు పట్టుబడిందా అని ఆశ్చర్యపోయానే తప్ప ఇంకొక్క ప్రశ్న నా బుర్రకి తట్టలేదు. కింద ఏం రాయాలో మాత్రం వెంటనే తట్టింది.

తలుపు ఫోటోలు నలభై ఒకటి లెక్క తేలాయి. వాటిని ఖాకీ కవరులో పెట్టి నా బ్యాగులో వేసుకున్నాను. హాల్లో ఏదో ఒక మూల ఒక్కటైనా అంటిద్దామని. ప్రదర్శన రోజు పొద్దున్నే వెళ్ళాను, మూల కూడా వెతికాను. ఆసుపత్రి వాళ్ళ మనిషి మమ్మల్ని చూసి నవ్వేసరికి కవరు బ్యాగులోనే ఉండిపోయింది.

హాలు చల్లగా ఉంది. నేలలో మొహం కనపడుతోంది. లాండ్రీ ఆడవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టారు. పెద్దమ్మ, కోడలూ చెరో నీళ్ళ సీసా ఖాళీ చేసి హాలు బాత్రూముకి వెళ్ళొచ్చారు. కాసేపాగి మళ్ళీ వెళ్ళొచ్చారు. మూడోసారి వెళ్ళొస్తూ కోడలు నా దగ్గర ఆగింది.

"ఎవరూ ఏమీ అడగలేదు మేడమ్," అంది గుసగుసగా.

పెద్ద డాక్టరు వచ్చారు, పూలగుత్తి అందుకున్నారు, మాట్లాడారు. ఆయన వెనక మనిషెత్తు పోస్టరు మీద ఆ చేతులు. "ఈ చేతులే మా ఆసుపత్రి గుండె," అన్నారు. చేతులు గుండె ఎలా అవుతాయో డాక్టరైన ఆయనే చెప్పాలి. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో సూపర్‌వైజర్ కూడా కొట్టాడు, నడుముకి తాళం చెవుల గుత్తి ఊగుతుండగా.

తర్వాత పెద్దమ్మని వేదిక మీదికి పిలిచి మైకిచ్చాను. మీరే చెప్పాలి కదా మరి. "పెద్దమ్మా, ఈ ఫోటో ఎలా తీశారో చెప్పండి," అన్నాను పళ్ళికిలించి.

పెద్దమ్మ వెనక్కి తిరిగి పోస్టరు చూసింది. అంతకుముందు ఇంత దగ్గర్నుంచి ఆమెకి ఎవరూ చూపించలేదు. చాలాసేపు చూసింది.

"ఇయి నా చేతులే," అంది. "ఇదిగో ఈ చూపుడు వేలు యంత్రంలో పడి వంకరపోయింది. రెండూ నాయే." ఇంకోసారి చూసింది. నావైపు తిరిగింది. "రెండు చేతులూ ఇందులోనే ఉన్నయి గదా మేడమ్. మరి కెమెరా ఎవరు పట్టుకున్నట్టు?"

తల తీసేసినట్టయింది. ఆ ఫోటోని నేను కనీసం వందసార్లు చూసి ఉంటాను. రంగు సరిచూశాను, అంచు సరిచూశాను, అక్షరాల సైజు గురించి తమ్ముడితో అరగంట వాదించాను. చేతులు రెండున్నాయని లెక్కపెట్టలేదు.

"టైమర్ సార్!" తమ్ముడు కిందినుంచే అరిచాడు. "కెమెరా బల్లమీద పెట్టి, టైమర్‌తో తీసింది."

"అద్భుతం!" అన్నారు పెద్ద డాక్టరు. మళ్ళీ చప్పట్లు.

పెద్దమ్మ వాడివైపు చూడలేదు. నన్నే చూస్తోంది. "టైమరంటే ఏంటి మేడమ్?" అని అడిగింది.

టైమర్ వాడటం మేం ఎవరికీ నేర్పలేదు, ఆమె కాక ఆ కెమెరా పట్టుకునే మనిషి తమ్ముడొక్కడే. నాకు ఒళ్ళంతా కంపరం పుట్టింది. ఆ హాలు మీద, ఆ పూలగుత్తి మీద, మా తమ్ముడి మీద, అన్నిటికంటే ముందు నా మీద. ఇంకొక్క క్షణం ఆ నవ్వు మొహాన పెట్టుకుని నిలబడలేకపోయాను.

"టైమర్ కాదు," అన్నాను మైకు తీసుకుని. "ఈ ఫోటో తీసింది మా తమ్ముడు. ఎంచింది మేమిద్దరం. కింద ఆ ముక్క రాసింది నేను. పెద్దమ్మ తీసినవి ఇవి."

బ్యాగులోంచి కవరు తీశాను. పెద్దమ్మ నా చేతిలోంచి దాన్ని లాక్కుంది. పెద్ద డాక్టరు ముందున్న బల్లమీద పూలగుత్తి పక్కకి జరిపి, నలభై ఒకటీ వరసగా పరిచేసింది. దుప్పట్లు మడతపెట్టే చేతులు కదా, నిమిషం పట్టలేదు.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "అన్నీ ఒకటే కదమ్మా?"

"గడియారం చూడండి సార్."

ఆయన చూశారు. నేనూ చూశాను, మొదటిసారి. ఏడున్నర. ఎనిమిదీ పది. తొమ్మిది ముప్పావు. పన్నెండు. ఒంటిగంటన్నర. మూడూ ఐదు. గడియారం అంచు తెగినా ముళ్ళు మాత్రం అన్నిట్లోనూ పడ్డాయి. ప్రతిదాని కిందా అదే తాళం.

"మా బాత్రూమ్ సార్ అది. పదకొండింటిదీ నాలుగింటిదీ లేవు," అంది పెద్దమ్మ. "తాళం తీసేది ఆ రెండుసార్లే. అప్పుడు ఫోటో తీయడానికి కుదరదు, లైన్లో ఉంటాం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సూపర్‌వైజర్ చెయ్యి తాళం చెవుల మీదికి పోయింది. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని, అతన్ని కాదు, నన్ను అడిగారు.

"ఆసుపత్రి లోపల ఇవి తీయడానికి మీకు అనుమతి ఎవరిచ్చారు?"

చేతులకి అక్కర్లేని అనుమతి తాళానికి కావలసొచ్చింది. నాకంటే ముందు పెద్దమ్మే అంది, "ఇరవై రెండేళ్ళు లోపలే ఉన్నా సార్. తాళం వేసేముందు మమ్మల్నెవరూ అడగలేదు."

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్లో తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. ఒకరోజు లాండ్రీలో 'కెమెరా ఇలా పట్టుకోవాలి' అని చూపిస్తూ వాడే తీశాడట. "కెమెరా ఆమెది, చేతులు ఆమెవి. నేను నొక్కానంతే! దానికి నన్ను నలుగురిలో దొంగని చేస్తావా అక్కా?"

"నువ్వు నొక్కావు, నేను రాశాను. ఇద్దరం దొంగలమే," అన్నాను. వాడు ఇప్పటికీ నాతో అవసరమైనంత వరకే మాట్లాడతాడు.

క్యాలెండరు పోయింది. లాండ్రీలో మా వాళ్ళెవరూ అడుగుపెట్టకూడదని ఉత్తరం వచ్చింది. పోస్టరుని మాత్రం వాళ్ళు తిరిగివ్వలేదు. చట్రం కట్టించి ఆసుపత్రి ముందు హాల్లో తగిలించారని విన్నాను. నా చేతులే నా కథ అన్న ముక్క కూడా అలాగే ఉందట. తలుచుకున్నప్పుడల్లా ఛీ అనిపిస్తుంది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున దుప్పట్ల పెద్దమ్మ మా గదికి వచ్చింది. ఉద్యోగం తీసేశారా పెద్దమ్మా అని అడిగాను. "తీయలేదు మేడమ్. నాలా మడతపెట్టేవాళ్ళు దొరకాలిగా," అంది. సంచిలోంచి కెమెరా తీసి బల్లమీద పెట్టింది. "ఇది మా దగ్గరే ఉండిపోయింది. ఇచ్చేసే ముందు ఒకటి చూడండి."

చూశాను. అదే తలుపు, పైన అదే అంచు తెగిన గడియారం. తలుపు మీద కొత్త కాగితం అంటించి ఉంది, ఇక్కడ ఫోటోలు తీయరాదు అని పెద్ద అక్షరాలు. తాళం లేదు. చూపుడు వేలు వంకరపోయిన చెయ్యి ఒకటి తలుపుని లోపలికి తోస్తోంది. ఒక్క చెయ్యే.

పదకొండేళ్ళలో ఎప్పుడూ ఎవరినీ అడగని ప్రశ్న ఒకటి అడిగాను.

"దీని కింద ఏం రాయమంటారు పెద్దమ్మా?"

పెద్దమ్మ బల్లమీదున్న నీళ్ళ గ్లాసు తీసుకుని గటగటా తాగింది. మూతి తుడుచుకుంది.

"మధ్యాహ్నం రెండూ ఇరవై అని రాయండి," అంది.