తెస్ఫాయె గారికి ఇల్లు చూడటం

హైదరాబాదులో ఇల్లు ఇవ్వనని మొహం మీద చెప్పే ఓనరు ఇంకా పుట్టలేదు. పెయింటింగు ఉందంటారు, బావమరిది అడిగాడంటారు, ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తామంటారు. అడిగినవాళ్ళు ఆ మాట పట్టుకుని, నమస్కారం పెట్టి, ఇంకో వీధిలో వెతుక్కోవాలి. అదీ మర్యాద. ఈ మర్యాద బొత్తిగా తెలియని మనిషి ఒకాయన ఇథియోపియా నుంచి వచ్చాడు. ఆయన్ని ఊళ్ళో స్థిరపరిచే పని రత్నమాల నెత్తిన పడింది.

రత్నమాలది కాకినాడ. మాదాపూర్‌లో ఒక పరిశోధన సంస్థలో, విదేశాల నుంచి వచ్చే శాస్త్రవేత్తలకి ఇల్లూ వాకిలీ కుదర్చడం ఆవిడ ఉద్యోగం. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, గ్యాసు బండ, పిల్లల బడి, కందిపప్పుకీ శనగపప్పుకీ తేడా, అన్నీ ఆవిడే చూడాలి. పనికి వంక పెట్టడానికి లేదు. రత్నమాల గారుండగా మనకేం దిగులని ఆఫీసులో అందరూ అనుకునేవారు. ఆవిడ కూడా అదే అనుకునేది.

నిరుడు ఫ్రాన్సు నుంచి ఒకావిడ వస్తే ఒక్క పూటలో ఇల్లు దొరికింది. ఆ ఇంటి ఓనరు పద్మావతి గారు ఉల్లిపాయ కూడా తినని మనిషి. పై వాటాలో ఏమేం వేగుతున్నాయో వాసన తెలుస్తూనే ఉన్నా, "పాపం, వాళ్ళ అలవాటు కదండీ" అని కిటికీ మూసుకునేది. పైగా శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలిచి, కాళ్ళకి పసుపు రాసి, ఫొటో తీయించి చుట్టాలందరికీ పంపుకుంది.

డాక్టర్ తెస్ఫాయె గారికి మాత్రం ఎన్ని వీధులు తిరిగినా ఇల్లు దొరకడం లేదు. ఆయన పని భూగర్భజలాల మీద. భార్య హిరుత్, కూతురు సారా అక్కడ ఆడిస్ అబాబాలో పెట్టెలు సర్దుకుని కూర్చున్నారు. ఇంటి అగ్రిమెంటు చూపిస్తే గానీ కుటుంబానికి టికెట్లు కొనకూడదని సంస్థలో నియమం. ఇక్కడ బళ్ళు తెరిచారు కూడా. రోజూ సాయంత్రం ఆ పిల్ల ఫోన్లో కనబడి, "ఇల్లు దొరికిందా నాన్నా" అని అడుగుతుంది. ఈయన "చూస్తున్నాం" అంటాడు. ఆ జవాబొకటి మన దగ్గరే నేర్చుకున్నాడు.

ఎందుకు దొరకడం లేదో అందరికీ తెలుసు. మనిషి నల్లగా ఉన్నాడు, ఆఫ్రికా నుంచి వచ్చాడు. అంతకు మించి కారణం లేదు. కానీ ఆ మాట ఎవరూ అనలేదు, అనరు. రత్నమాల కూడా ఆయనతో అనలేదు. ఓనర్లు చెప్పిన సాకుల్ని చక్కటి ఇంగ్లీషులోకి మార్చి, "వాళ్ళకి చాలా బాధగా ఉందండి" అని తన సొంత ముక్క ఒకటి చేర్చి అందించేది. కర్ర విరక్కుండా పాము చావకుండా మాట్లాడటంలో ఆవిడకి మంచి పేరుంది.

చిక్కేమిటంటే ఆయన ఆ మాటల్ని నమ్మేవాడు. పెయింటింగు ఉందన్న ఇంటికి రంగు ఆరేనాటికి మళ్ళీ వెళ్ళి బెల్లు కొట్టేవాడు. ఫోన్ చేస్తామన్నవాళ్ళ ఫోన్ కోసం ఎదురుచూసి, రాకపోతే వాళ్ళకేమైనా ఒంట్లో బాగాలేదేమోనని కనుక్కోమనేవాడు. చివరికి బ్రోకరు సాయిలు చేతులెత్తేశాడు. "ఇగ నాతోని కాదు మేడమ్. గాయన్ని తీస్కపోయినప్పటి సంది ఓనర్లు నా ఫోనే ఎత్తుతలేరు" అన్నాడు.

సాయిలు చెప్పిన ఆఖరి ఇల్లు నార్సింగిలో ఓబులేసుది. కడప నుంచి వచ్చి, ప్లాట్లు కొని అమ్మి నిలదొక్కుకున్న మనిషి. రంగులో తెస్ఫాయె గారికి ఏమాత్రం తీసిపోడు, అది వేరే సంగతి. గేటు దగ్గర వాళ్ళని చూడగానే మొహం దీనంగా పెట్టాడు.

"ఇయ్యకూడదని కాదమ్మా. బోరు ఎండిపోయింది. నీళ్ళకు మేమే అల్లాడతాండాము."

రత్నమాల ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది, బాధ ముక్క కూడా కలిపి. తెస్ఫాయె చొక్కా చేతులు పైకి మడిచి, "బోరు ఎక్కడుంది?" అని అడిగాడు.

ఆదివారం పరికరాలు వేసుకుని వచ్చాడు. మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో వంగి, లేచి, ఏవో కొలిచాడు. ఆయన కొలుస్తున్నంతసేపూ పక్కనే ఓబులేసు డ్రైవరు గొట్టంతో కారు కడుగుతూనే ఉన్నాడు. చివరికి తెస్ఫాయె చెమట తుడుచుకుని వచ్చి, మీకు శుభవార్త, మీ బోరు ఎండలేదు అన్నాడు. ఓబులేసు సంతోషించాల్సి వచ్చింది. కాస్త ఆలస్యంగా, కానీ సంతోషించాడు.

"అది సరేలేమ్మా, ఇంకోటి ఉండాది. మా ఇంట్లో మాంసం వండనియ్యం" అన్నాడు. లోపల కుక్కరు కూత వేసింది, నాటుకోడి వాసన వరండా దాకా వచ్చింది. ముగ్గురూ మర్యాదగా ఆ వాసన పీల్చి ఊరుకున్నారు. తెస్ఫాయె, తమ మతంలో ఏడాదిలో సగం రోజులకి పైనే ఉపవాసాలనీ, ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, ఆఖరికి పాలు కూడా ముట్టరనీ, మిగిలిన రోజులు బయట తింటామనీ చెప్పాడు.

ఓబులేసు ఆకాశం వైపు చూశాడు. "ఆషాఢం వచ్చె గదమ్మా. ఆషాఢంలో కొత్త కాపురం పెట్టకూడదు."

దీనికి తెస్ఫాయె చాలా గౌరవంగా తలూపాడు. తమ పంచాంగంలో పదమూడు నెలలుంటాయనీ, ఇలాంటివి తనకి అర్థమవుతాయనీ అన్నాడు. ఆషాఢం ఎప్పుడు పోతుందో మాత్రం అడిగి తెలుసుకున్నాడు.

శ్రావణం మొదటి రోజు పొద్దున్నే నార్సింగిలో దిగాడు. కొత్తింట్లో పాలు పొంగించాలని ఎవరో చెప్పారట, చేతిలో పాల ప్యాకెట్టుంది. వెనకే రత్నమాల దిగింది. ఓబులేసు ఆ ప్యాకెట్టు వంక కాసేపు చూసి, ఆవిడని పక్కకి పిలిచాడు.

"ఏమ్మా, నేను ఎన్నని చెప్పేది? ఆయప్పకైతే తెలీదు. నీకైనా తెలియాల గదా."

రత్నమాలకి ఒళ్ళు మండింది. ఇన్ని నెలలుగా మింగినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. "మనిషి నల్లగా ఉన్నాడనేగా మీ బాధంతా, ఓబులేసు గారూ? చెప్పండి, పర్లేదు. పెద్ద చదువు చదువుకున్నాయన, బంగారం లాంటి మనిషి. అక్కడ చిన్నపిల్ల రోజూ ఏడుస్తోందండి నాన్న కావాలని. మీకూ పిల్లలున్నారు కదా, సిగ్గనిపించట్లేదూ?"

ఓబులేసు కోపం తెచ్చుకోలేదు. సావకాశంగా విన్నాడు.

"బంగారమే లేమ్మా, నేను కాదన్ల్యా. గోపన్‌పల్లిలో మీ మేడమీది పోర్షను ఎండాకాలం నుంచి ఖాళీగా ఉండాదంట గదా, సాయిలు చెప్పినాడు. ఆ బంగారాన్ని మీ ఇంట్లోనే పెట్టుకోరాదా?"

"మా ఆడపడుచు జయంతి వస్తోందండి," అంది రత్నమాల. "వైజాగ్ నుంచి. ట్రాన్స్‌ఫర్ అయింది."

ఆ మాట ఎంత నున్నగా జారిందంటే, జారాక గానీ ఆవిడ వినలేదు. జయంతికి వైజాగ్‌లో సొంత ఇల్లుంది, ట్రాన్స్‌ఫర్లు లేని ఉద్యోగముంది, హైదరాబాదంటే తలనొప్పి ఉంది. ఊరంతా తిరిగిన మనిషికి తన మేడ ఒక్కసారి కూడా గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చిన ప్రతిసారీ సాయిలుకి ఫోన్ చేసి, ఇంకో వీధి చూపించమంది. కింద మనం ఉంటాం, పైన వాళ్ళు, మెట్లేమో ఒకటే, చూసినవాళ్ళు ఏమనుకుంటారో అని ఒకసారి అనుకుంది. ఉదయ్ భాస్కర్‌ని, అంటే భర్తని, అడిగి చూద్దామని ఇంకోసారి అనుకుని, అడగలేదు.

"అట్లనా," అన్నాడు ఓబులేసు. నవ్వలేదు, దెప్పలేదు. ఒక ఓనరు ఇంకో ఓనరు మాట విన్నట్టు తలూపాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

తెస్ఫాయె దగ్గరికొచ్చాడు. "ఏమంటున్నారు మేడమ్?"

మార్చి చెప్పడం ఆవిడ ఉద్యోగం. చెప్పింది.

"మా ఇంట్లో పై పోర్షను ఖాళీగా ఉంది, మీకు అది ఇవ్వొచ్చు కదా అన్నారు. మా ఆడపడుచు వస్తోందని నేను చెప్పాను."

ఈసారి సొంత ముక్క ఏదీ చేర్చలేదు. ఆయన మొహంలోకి చూసింది, కోపం ఉంటుందేమోనని, కనీసం వెటకారమైనా ఉంటుందేమోనని. ఉంటే బాగుండుననిపించింది. ఏమీ లేదు. ఆయన ఆలోచిస్తున్నాడు, బోరు దగ్గర ఆలోచించినట్టే.

"ఆవిడ ఎప్పుడొస్తారు?" అని అడిగాడు. "వచ్చేదాకా మేముంటాం. ఆవిడ రాగానే ఖాళీ చేసేస్తాం. సారా చిన్నది, ఎక్కువ చోటు పట్టదు."

రత్నమాలకి ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు కాబట్టి ఓబులేసు ముందు కార్చలేదు.

"ఆవిడ రాదండి," అంది. "కారెక్కండి, తాళంచెవి ఇంట్లో ఉంది."