ఎర్ర చుక్కలు

జగ్గయ్యపేటలోని మా కాలేజీలో సన్మానాలకు ఒక పద్ధతుంది. ఉపన్యాసం అయ్యేదాకా ఆగరు, ముందే శాలువా కప్పేస్తారు. ఆ తర్వాత వక్త ఏం చెప్పినా మా బాధ్యత తీరిపోయినట్టే. మొన్న దత్తాత్రేయకూ అలాగే కప్పారు.

దత్తాత్రేయ మా స్టాటిస్టిక్స్ లెక్చరర్. నందిగామ నుంచి రోజూ బస్సులో వస్తాడు. సముద్రం పైనీటిలో ఉప్పెంతుందో ఉపగ్రహం కొలిచి పంపుతుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట పదేళ్ల కొలతలు తీసుకుని, అక్కడి నీరు ఏటేటా ఉప్పెక్కుతోందని తేల్చాడు. అతని పీహెచ్‌డీ అంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. వచ్చే వారమే థీసిస్ యూనివర్సిటీకి ఇవ్వాలి.

తెర మీద గీత పైకెక్కుతోంది. దాని చివర, బాగా కిందుగా, కొన్ని ఎర్ర చుక్కలున్నాయి.

"ఇవి తప్పుడు కొలతలండి. తీరం దగ్గర పక్కనున్న నేల వల్ల ఉపగ్రహం పొరబడుతుంటుంది. మిగతావాటికి మరీ దూరంగా ఉన్నాయని తీసేశా" అన్నాడు.

మేం తలలూపాం. ఆ పనిలో మా స్టాఫ్‌ను మించినవాళ్లు లేరు.

ప్రశ్నలడగమంటే ఒక్కరూ లేవలేదు. ఆయన చిన్నబోతాడనుకుందో ఏమో, ముందు వరసలోంచి భార్య అహల్య లేచింది.

"ఆ ఎర్ర చుక్కలు ఎప్పటివండీ?"

"రెండువేల ఇరవై నాలుగు, సెప్టెంబరు."

"మునేరు పొంగి మనింట్లో మంచాలు మునిగినయ్యే, ఆ నెలేనా?"

ఆమె మామూలుగానే అడిగింది. దత్తాత్రేయ తెరకేసి తిరిగాడు.

పెనుగంచిప్రోలు మీదుగా వచ్చిన ఆ వరదంతా కృష్ణలో కలిసి, బ్యారేజీ దాటి సముద్రంలోకే పోయింది. అంత మంచినీళ్లు కలిస్తే ఉప్పు తగ్గక ఏమవుతుంది? ఆ నీళ్లను ఇతను డాబా మీద నిలబడి, అన్నం పొట్లాల కోసం ఎదురుచూస్తూ, కళ్లారా చూశాడు. నేనూ తక్కువేం కాదు. ఆ వరదకే ఐతవరం దగ్గర హైవే మీద బస్సులో ఇరుక్కుపోయాను. అయినా ఇందాక మొదటి చప్పట్లు నావే. సిగ్గుతో నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ నెలే, అహల్యా" అన్నాడు దత్తాత్రేయ చివరికి. తర్వాత మా వైపు తిరిగాడు. "ఉపగ్రహం పొరబడలేదండి. నేనే పొరబడ్డా. అవి కలిపితే గీత ఎక్కదు. నేను చెప్పిందాంట్లో ఇంకేం మిగల్దు."

భుజాల మీంచి శాలువా తీసి, మడిచి, బల్ల మీద పెట్టాడు. ముఖమంతా చెమట.

ప్రిన్సిపల్ జగన్నాథరావు గారు అటెండరును పిలిచారు. "సారుకి ఉక్కపోస్తున్నట్టుంది. ఫ్యాను పెంచు."

ఫ్యాను జోరందుకుంది. అహల్య ఇంకా నిలబడే ఉంది, తప్పు తనే చేసినట్టు తల దించుకుని.