ఎడమ మూల మడత

దుప్పటి మడతపెట్టడం ఇద్దరు మనుషుల పని. చెరో కొసా పట్టుకుని, ఒక్క దులుపు దులిపి, ఎదురెదురుగా నడిచి రావాలి. చేతులు కలిసిన చోట కొసలు ఒకరి వేళ్లలోంచి ఇంకొకరి వేళ్లలోకి మారాలి. ఆ పెద్దాసుపత్రి లాండ్రీలో పెద్దక్క, చిన్నక్క పదకొండేళ్లుగా రోజుకు రెండు మూడొందల సార్లు అలా నడిచారు. చుట్టాలేమీ కారు. వార్డుల్లో అందరూ అలా పిలిస్తే వాళ్లకూ అదే అలవాటైపోయింది. చివర్లో ఎడమ మూలను లోపలికి దోపడం వాళ్ల సొంత కిటుకు. ఆ మూల పట్టి లాగితే దుప్పటి ఒక్క ఊపులో మంచం మీద పరుచుకుంటుంది.

చిన్నక్కకు ముందు ఆ రెండో కొసను ముగ్గురు పట్టుకున్నారు. ఒకామె జబ్బుచేసి పోయింది. ఒకామె ఊరు మారింది. మూడో ఆమె చెప్పాపెట్టకుండా మానేసింది. అందుకే చిన్నక్క రావడం పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, పెద్దక్క చేతులు పనిలో, కళ్లు గుమ్మం మీద ఉండేవి.

నెల్లాళ్లుగా వేడినీళ్ల మిషను పడకేసింది. చన్నీళ్లలో ముంచి తీసిన దుప్పట్లే బాలింతల వార్డుకు వెళ్తున్నాయి. మరకలు పోవడం లేదు. వాసన పోవడం లేదు. పెద్దక్క ఆరుసార్లు కాగితం రాయించి ఇచ్చింది. సూపరింటెండెంటు ఆరుసార్లూ “చూద్దాం” అన్నాడు. ఏడోసారి రాయించడానికి ఆమెకు ఓపిక లేకపోయింది. చిన్నక్క ఫోను తీసింది. చల్లబడ్డ మిషను, మరకల దుప్పట్లు, పక్కన మడతపెట్టిన దొంతర. మొహాలు లేవు, మాటలు లేవు. నిమిషంన్నర వీడియో. రెండు రోజుల్లో ఊరంతా చూసింది.

“అక్కా, లక్షమంది చూశారు!”

“ఆ లక్షలో ఆయన ఒక్కడు లేకుండా ఉంటే బాగుణ్ణు.”

“ఉండనీ. కాగితాలు చదవనాయనకి సినిమా అన్నా చూపించాం కదా.”

పెద్దక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

సూపరింటెండెంటు ఇద్దర్నీ పిలిపించాడు. కంప్యూటరు మీద వీడియోను ఆపి, దుప్పట్ల దొంతరను పెద్దది చేసి చూపించాడు.

“ఏం పెద్దక్కా, ఇది ఎవరి మడత?”

పెద్దక్క తెరకు దగ్గరగా వంగి చూసింది. దొంతరలో ప్రతి దుప్పటికీ ఎడమ మూల లోపలికి దోపి ఉంది.

“మొహాలు దాచారు, గొంతులు దాచారు. మడత మాత్రం దాచడం మరిచిపోయారు,” అన్నాడాయన. ఆయన గొంతులో కోపం లేదు. ఆయనా రాత్రంతా నిద్రలేనివాడిలాగే ఉన్నాడు. “పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. రెండే దార్లున్నాయి. ఇది తీసినవాళ్లు రేపట్నుంచి పన్లోకి రాకూడదు. లేదంటే నువ్వు కెమెరా ముందు నిలబడి, ఇక్కడంతా బావుందని చెప్పాలి.”

“నేనెందుకు సార్?”

“నీ మొహం చూస్తే ఎవరికైనా వాళ్లమ్మ గుర్తొస్తుంది.”

“సార్, అది తీసింది...” అని చిన్నక్క నోరు తెరవబోయింది. పెద్దక్క ఆమె కాలు తొక్కింది. చిన్నక్కది కాంట్రాక్టు పని. పొమ్మంటే పోవడమే. ఆమె పోతే మళ్లీ ఒక కొస ఖాళీ అవుతుంది.

“చెప్తాను సార్.”

క్యాంటీన్ నుంచి మరిగే నీళ్ల గిన్నె తెప్పించి మిషను వెనక పెట్టారు. ఆవిరి పైకి లేచింది. “దుప్పట్లన్నీ వేణ్ణీళ్లలోనే ఉతుకుతున్నాం. ఎవరో గిట్టనివాళ్లు పాత వీడియో పెట్టారు.” పెద్దక్క రెండుసార్లు తడబడింది. మూడోసారి ఇక విసిగి, అలిసిపోయి చెప్పింది. అదే సహజంగా వచ్చిందన్నాడు ఫోను పట్టుకున్న గుమాస్తా.

ఆసుపత్రి వాళ్లు దాన్ని తమ పేజీలో పెట్టారు. మొదటిదానికన్నా ఎక్కువమంది చూశారు. కింద జనం రాసినవి చిన్నక్క చదివి వినిపించింది.

“‘పాపం, పెద్దావిడ అబద్ధమాడేలా లేదు.’ ‘కష్టపడేవాళ్ల మీద బురద చల్లే ఆ దొంగ ఎవరో పట్టుకోండి.’ ఆ దొంగని నేనే అక్కా.”

పెద్దక్క తర్వాతి దుప్పటి కొస అందుకుంది.

మొదటి వీడియో గొడవకు పైకి వెళ్లిన మరమ్మతు ఫైలు వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. మిషను పనిచేస్తున్నట్లు సిబ్బందే చెప్పినందువల్ల మరమ్మతు అక్కర్లేదని రాసి ఉంది. గుమాస్తా దాన్ని చదివి, వాళ్ల మొహాలు చూడకుండా వెళ్లిపోయాడు.

“నా పని నిలబెట్టావక్కా,” అంది చిన్నక్క, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ. “దేనిమీద నిలబెట్టావో చూశావా?”

“నువ్వెళ్లిపోతావేమోనని భయపడ్డానే.”

“తెలుసు. అందుకే తిట్టలేకపోతున్నాను.”

ఆ నెలాఖరుకు చిన్నక్క ఒక హోటల్లో ఇదే పని చూసుకుంది. ఆఖరి రోజు సాయంత్రం పెద్దక్క తన పాత ఫోను ఆమె చేతిలో పెట్టింది.

“వీడియోకి ఎక్కడ నొక్కాలో చూపించు. నిజం చెప్తాను. ఈసారి నా మొహం పడనీ.”

చిన్నక్క ఆ ఫోను తెర తుడిచింది.

“చూపిస్తాను. కానీ నమ్మరక్కా. అదే నోటితో మొన్న అలా చెప్పావు కదా. నీ మొహం వాళ్లు వాడేసుకున్నారు.”

అయినా చూపించింది. తర్వాత ఇద్దరూ ఆఖరి దుప్పటి పట్టుకుని ఎదురెదురుగా నడిచారు. చేతులు కలిసిన చోట చిన్నక్క కొసలు వెంటనే వదల్లేదు. “మూల నువ్వే దోపు,” అంది.

మర్నాడు పెద్దక్క దుప్పటి కొసను కిటికీ ఊచకు ముడేసి, ఒక్కతే వెనక్కి నడిచింది. ఊచ ఎదురు రాదు కదా. రెండో కొస అందుకునేసరికి మొదటిది జారిపోతోంది. వంకర దొంతర ఒకటి పైకి వెళ్లింది.

కాసేపటికి బాలింతల వార్డు ఆయా ఒక దుప్పటి చంకన పెట్టుకుని కిందికి వచ్చింది.

“ఎంత లాగినా విచ్చుకోదేం? ఇది ఎవరి మడత?”

పెద్దక్క ఫోను తీసి, మిషను ఎదురుగా కిటికీ గట్టు మీద ఆనించింది. చిన్నక్క చూపించిన చోట నొక్కింది.

“నాదే,” అంది. “నువ్వు కాస్త ఆ కొస పట్టుకో. నేనిక్కడ ఒక మాట చెప్పాలి.”